ముద్ద ఎవరి నోటికి?

అడ్డపొగ పల్లెల్లో మొదలై అమైనో ఆమ్లాల డబ్బా దాకా వచ్చిన ఓ ఇంటి ప్రశ్న

శృంగవరపుకోట (ఎస్.కోట)లో మా పెద్దమ్మ ఇంటి అలమరలో మూడు వస్తువులు పక్కపక్కనే ఉంటాయి. చుట్టలు దాచుకునే పాత రేకు డబ్బా ఒకటి. ఆసుపత్రి కాగితాలున్న ప్లాస్టిక్ సంచి ఇంకొకటి. ఆ రెంటికీ మధ్యలో, మొన్న దసరా నుంచీ, కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉన్న ప్రొటీన్ పొడి డబ్బా. రేకు డబ్బా ఖాళీ అయింది. ప్లాస్టిక్ సంచి ఉబ్బింది. పొడి డబ్బా సగానికొచ్చింది.

పెద్దమ్మకు అంగిలి మీద పుండు లేచింది. కోశారు. తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి వాళ్లు డిశ్చార్జి కాగితంలో తిండి గురించి రాసింది మూడే మాటలు, ‘హై ప్రొటీన్ డైట్’ అని. అదీ ఇంగ్లీషులో. ఆ కాగితం మా అన్న మందుల షాపులో చూపిస్తే వాళ్లు ఈ డబ్బా చేతిలో పెట్టారు. వెయ్యి రూపాయలు దాటింది. అదే వారంలో ఇంట్లో గుడ్డు మాన్పించారు. గుడ్డు తింటే పుండు చీము పడుతుందని వీధిలో ఎవరో అన్నారట. చేప మాన్పించారు. పప్పు వాతమన్నారు. కండ పెంచే పొడిని డబ్బు పోసి కొని, కండ పెంచే తిండిని ఉచితంగా ఆపేశారు.

“ఏం పెద్దమ్మా, గుడ్డు మానేశావట?”

“ఏటి తినీది బాబూ. పత్తెం అన్నారు. ఆ పిండే పాలల్లో కలిపి ఇత్తన్నారు. నోట్లో ఎట్టుకుంటే సున్నంలాగుంటాది.”

వంటింట్లోంచి వదిన అందుకుంది. “మరేటి సేత్తాం మరిదిగారూ, పుండు మానాల కదేటి. డబ్బా మీద అమైనో ఆసిడ్లని రాసుంది, ఒంటికి బలమంట. కానీ నాకో అనుమానం. బలమైన తిండి ఎడితే ఆ గడ్డకీ బలం వత్తాదంటన్నారు. నిజవేనా?”

నేను అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న వెనకాల పడితే అది ఎస్.కోట నుంచి హైదరాబాదుకి, అక్కణ్నుంచి భీమవరం కుర్రాడొకడు పనిచేసిన అమెరికా ప్రయోగశాలకి, తిరిగి మళ్లీ మన అంగిలి కేన్సర్ దగ్గరికే తీసుకొచ్చింది. వదిన అడిగింది చదువులేని మనిషి భయం కాదు. ఇవాళ కేన్సర్ పరిశోధనలో తలపండిన వాళ్లు తేల్చుకోవడానికి తంటాలు పడుతున్న ప్రశ్నే అది.

మండే కొన నోట్లో

పెద్దమ్మ చుట్ట మామూలుగా కాల్చేది కాదు. వెలిగించిన కొనను నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి, లోపల్లోపలే పొగ పీల్చేది. మన విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో దీన్ని అడ్డపొగ అంటారు. నాటు వేసేటప్పుడు, చాకిరేవు దగ్గర, సముద్రపు గాలిలో చేపలు ఎండబెట్టేటప్పుడు చుట్ట ఆరిపోకుండా ఉంటుంది. చేతులు ఖాళీగా ఉంటాయి. ఒక్క చుట్ట చాలాసేపు వస్తుంది. మగవాళ్ల ముందు పొగ కనబడదు. ఇన్ని సౌకర్యాలు ఉండబట్టే తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి ఆ అలవాటు దిగింది. నిప్పు తగిలేది నేరుగా అంగిలికి. మొదట అంగిలి తెల్లబారుతుంది, ఎర్రటి చుక్కలు లేస్తాయి, ఏళ్లు గడిచాక కొందరికి పుండవుతుంది. ప్రపంచంలో చాలాచోట్ల అరుదైన గట్టి అంగిలి కేన్సర్ మన ఉత్తరాంధ్ర ఆడవాళ్లకు అందుకే తెలిసిన జబ్బు.

దీన్ని బయటి ప్రపంచం సీరియస్‌గా పట్టించుకున్నది 1960, 70 దశకాల్లో. విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి బృందం అడ్డపొగకూ అంగిలి కేన్సర్‌కూ ఉన్న ముడిని పరిశీలించింది. 1971లో కోపెన్‌హాగన్ నుంచి జె.జె. పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫలీ మెహతా, మరికొందరు కలిసి 10,169 మంది మన పల్లెవాసుల నోళ్లు పరీక్షించి ఆ వివరాలు అచ్చువేశారు. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో కలిపి 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లను ఏళ్ల తరబడి వెంటాడి, పొగ మాన్పించే ప్రయత్నం చేశారు. మానితే నోటి మచ్చలు తగ్గుతాయని తేలింది.

ఇందులో తిండికి సంబంధించిన ముక్క ఒకటుంది. మన వాళ్లెవరూ చెప్పుకోరు గానీ, నాకు చాలా విలువైనదిగా తోచింది. 1990లలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో కమలా కృష్ణస్వామి బృందం అడ్డపొగ తాగే వాళ్ల మీదే ఓ పరీక్ష చేసింది. కొందరికి ఏడాది పాటు విటమిన్-ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం కలిపి ఇచ్చారు. కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో ఇచ్చేవాళ్లకూ తెలియదు, వేసుకునేవాళ్లకూ తెలియదు. అసలు మాత్రలు పడిన వాళ్లలో చాలామందికి అంగిలి మచ్చలు తగ్గుముఖం పట్టాయి. ఉత్తుత్తి మాత్రల వాళ్లలో తగ్గినవాళ్లు కొద్దిమందే.

ఇది చదివి సంబరపడి మాత్రలు కొనేద్దామనుకునే వాళ్లకు ఇంకో కథ చెప్పాలి. దాదాపు అదే కాలంలో ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పెద్ద పరీక్ష జరిగింది. బీటా కెరోటిన్, అంటే మన ఒంట్లో విటమిన్-ఎగా మారే పదార్థం, మాత్రలుగా ఇచ్చారు. ఊపిరితిత్తుల కేన్సర్ తగ్గుతుందనుకున్నారు. 1994లో ఫలితం చూస్తే, మాత్ర వేసుకున్న వాళ్లలో ఆ కేన్సర్ 18 శాతం ఎక్కువైంది.

ఒకచోట మందు, ఒకచోట విషం. నా మటుకు నేను ఇలా అర్థం చేసుకున్నాను. చోడి (రాగి) అంబలీ, పచ్చిమిరపకాయా, గుప్పెడు అన్నమూ తిని కూలికెళ్లే మన పల్లె ఆడవాళ్లకు నిజంగా లోటుంది, ఆ లోటు తీరింది. ఫిన్లాండ్ మగవాళ్ల కుండ నిండే ఉంది, అందులో ఇంకా పోశారు. మాత్ర గురించి అడిగేముందు మనిషి గురించి అడగాలన్నది నాకు ఆ రెండు పరీక్షలూ నేర్పిన పాఠం. డబ్బా మీద అమైనో ఆమ్లాల పేర్లు చూసినప్పుడూ నేను ఇదే అడుగుతున్నాను.

పంక్తిలో ముగ్గురు

మనం తినే పప్పు, గుడ్డు, చేప, పాలు, అన్నం, అన్నిట్లోనూ ప్రొటీన్ ఉంటుంది. కడుపులోకి వెళ్లాక అది 20 రకాల ముక్కలుగా విడిపోతుంది. అవే అమైనో ఆమ్లాలు. వాటిలో తొమ్మిదింటిని ఒళ్లు సొంతంగా తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. మిగిలినవాటిని కొంతవరకు తానే చేసుకుంటుంది. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో మెథియొనిన్ తక్కువ. పప్పన్నం కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. మన ముత్తవ్వలు ఏ పుస్తకమూ చదవకుండా పట్టుకున్న లెక్క అది.

కేన్సర్ ఉన్న ఒంట్లో ఈ ముక్కల కోసం పంక్తిలో ముగ్గురు కూర్చుంటారు. మొదటిది ఒళ్లు: కండ, చర్మం, మానాల్సిన గాయం, నోటి లోపలి పొర. రెండోది మనల్ని కాపాడే సైన్యం, ముఖ్యంగా టీ కణాలు. శత్రువును గుర్తుపట్టగానే అవి ఒకటి పదై, పది వందై పెరగాలి, దానికి బోలెడు సరుకు కావాలి. మూడోది పిలవకుండా వచ్చి కూర్చున్న కణితి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు. కణితి ఆ వడ్డించేవాణ్ని లోబరుచుకుంటుంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైపింగ్ జౌ బృందం 2020లో చూపించింది ఇదే. మెథియొనిన్‌ను లోపలికి లాక్కునే తలుపుల్లాంటి ప్రొటీన్లు కణితి కణాల గోడల మీద ఎక్కువగా ఉంటాయి. పక్కనే ఉన్న టీ కణానికి అందేలోపే అవి లాగేసుకుంటాయి. ఆకలితో ఉన్న టీ కణం పని చేయలేక నీరసిస్తుంది.

ఇంకో ఎత్తు కూడా ఉంది. 1998లో అమెరికాలో డేవిడ్ మన్, ఆండ్రూ మెల్లర్ ఎలుకల గర్భాన్ని పరిశీలిస్తూ ఓ వింత కనిపెట్టారు. కడుపులో బిడ్డ సగం పరాయిదే, తండ్రి వంతు అందులో ఉంది. మరి తల్లి సైన్యం బిడ్డ మీద ఎందుకు విరుచుకుపడదు? మాయ దగ్గర ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాన్ని అరగదీసే ఎంజైమ్ ఉంది. అక్కడ ట్రిప్టోఫాన్ కరువై టీ కణాలు చల్లబడతాయి. తల్లి బిడ్డను కాపాడుకునే ఆ ఉపాయాన్ని చాలా కణితులు దొంగిలించి వాడుకుంటాయి. దాన్ని అడ్డుకుందామని మందు చేశారు. ముందు ఎన్నో ఆశలు కలిగించింది. 2018లో చర్మపు కేన్సర్ మీద జరిగిన పెద్ద పరీక్షలో ఫలితం రాలేదు. ప్రయోగశాలలో అందంగా కనిపించినది వార్డులో నిలబడకపోవడం ఈ రంగంలో మామూలే. టీవీలో ఎవరైనా “ఫలానా అమైనో ఆమ్లం కేన్సర్‌ను ఆపుతుంది” అన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే మేలు.

భీమవరం కుర్రాడు చూసినది

“గడ్డకీ బలం వత్తాదంటన్నారు” అన్న వదిన మాట దగ్గరికొస్తే, అదే అనుమానం 1947లో బోస్టన్‌లో ఓ పిల్లల డాక్టరుకు వచ్చింది. దాని వెనక మన తెలుగువాడున్నాడు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. స్ప్రూ అనే జబ్బు, తిన్నది ఒంటబట్టక మనిషి ఎండిపోయే జబ్బు, ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది, ఆయన్నీ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డాడు. తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో, అటుపైన లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశాడు. స్ప్రూకు పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. పేరులో ఆమ్లమే అయినా ఇది విటమిన్. అయితే దాని ఒంటిలో ఒక కొస గ్లుటామిక్ ఆమ్లం, అంటే అచ్చమైన అమైనో ఆమ్లం. తిన్నది ఒంటబట్టక అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి, తిన్నది ఒంటబట్టించే పదార్థాన్ని గుప్పిట్లో పట్టాడు. మన సైన్సు చరిత్రలో నన్ను ఇంతగా కదిలించిన మలుపు ఇంకోటి లేదు.

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ వచ్చిన పిల్లలను చూసేవాడు. అప్పట్లో వారాల్లో, నెలల్లో పోయే జబ్బది. రక్తం పెంచే విటమిన్ కదా, మేలు చేస్తుందేమోనని లెడర్లీ నుంచి ఫోలిక్ ఆమ్లపు రకాలు తెప్పించి ఇచ్చాడు. కొందరు పిల్లల ఎముక మజ్జలో జబ్బు వేగం పెరిగినట్టు ఆయనకు కనిపించింది. బలానికి ఇచ్చిన మందు కేన్సర్‌కే బలం ఇచ్చిందని అనుమానించాడు. ఆ అనుమానాన్నే తిరగేశాడు. ఫోలిక్ ఆమ్లంలా కనిపించి, దాని చోట్లో కూర్చుని పని చేయని నకిలీని ఇస్తే? సుబ్బారావు బృందం ఆ నకిలీని తయారుచేసి పంపింది. పేరు అమైనోప్టెరిన్. 16 మంది పిల్లల్లో పదిమందికి జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ వార్త అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే చనిపోయాడు.

దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. ఇవాళ్టికీ ఊరి మందుల షాపులో దొరికే చవకైన మాత్ర. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు 2020లో ఓ పరీక్ష ఫలితం ప్రచురించారు. ముదిరిన తల, మెడ కేన్సర్లకు సెలైన్‌లో ఎక్కించే సిస్‌ప్లాటిన్‌కు బదులు, చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్ మాత్రలు నోటితో ఇస్తే సగటున 6.1 నెలల బతుకు 7.5 నెలలయింది. నెలన్నర తేడా చిన్నదిగా కనబడొచ్చు. పేదవాడికి ఆసుపత్రి మంచం లేకుండా, ఇంట్లోనే ఉండి, తక్కువ ఖర్చుతో దొరికిన నెలన్నర అది. అంగిలి పుండుతో కూర్చున్న మన ఉత్తరాంధ్ర ఆడవాళ్ల దాకా భీమవరం కుర్రాడి మందు నడిచొచ్చింది.

మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు ఇంట్లో ఉన్న ఐరన్-ఫోలిక్ బిళ్లలు బలానికని తమంత తాము వేసుకోకూడదు. మందు ఆపాలనుకున్న దాన్నే ఆ బిళ్ల అందిస్తుంది. డాక్టరు చెప్పి ఇస్తే అది వేరు సంగతి.

పస్తు పెట్టే మందు

నకిలీ పెట్టడం ఒక దారి. అసలు సరుకునే మాయం చేయడం ఇంకో దారి. 1953లో న్యూయార్క్‌లో జాన్ కిడ్ గినీ పందుల రక్తరసం ఎక్కిస్తే కొన్ని ఎలుకల కణితులు కరిగిపోవడం గమనించాడు. కొన్నేళ్ల తర్వాత బ్రూమ్ అనే శాస్త్రవేత్త కారణం పట్టుకున్నాడు. ఆ రసంలో ఆస్పరాజినేస్ అనే ఎంజైమ్ ఉంది. అది రక్తంలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని ముక్కలు చేసేస్తుంది. మన కణాలు ఆస్పరాజిన్‌ను సొంతంగా వండుకోగలవు. కొన్ని రక్త కేన్సర్ కణాలకు ఆ వంట చేతకాదు. బయటి సరఫరా ఆగగానే పస్తుండి చస్తాయి. పిల్లల రక్త కేన్సర్ వైద్యంలో ఇవాళ అది తప్పనిసరి మందు.

ఆస్పరాజిన్ మనుషులు విడదీసిన మొట్టమొదటి అమైనో ఆమ్లం. 1806లో ఫ్రాన్సులో ఆస్పరాగస్ కాడల రసంలోంచి తీశారు. మన కొండల్లో పిల్లితేగలని తవ్వి తెచ్చుకునే శతావరి ఆ కుటుంబపు మొక్కే.

అయితే ఆస్పరాజిన్ లేని తిండి పెడితే సరిపోతుందా? 2018లో గ్రెగ్ హానన్ బృందం ఎలుకల్లో చూసింది. తిండిలో ఆస్పరాజిన్ తగ్గిస్తే రొమ్ము కేన్సర్ వేరే చోటికి పాకడం తగ్గింది. ఎక్కువ పెడితే పెరిగింది. కానీ అది బంగాళాదుంపలో ఉంది, పప్పుల్లో ఉంది, పాలల్లో, గుడ్డులో, చేపలో ఉంది. పైగా ఒళ్లే తయారుచేసుకుంటుంది. దాన్ని మానేయాలంటే మనిషి తిండే మానేయాలి. ఎలుక బోనులో కుదిరిన లెక్క వంటింట్లో కుదరదు.

ఇదే కోవలో నాకు బాగా ఆసక్తి కలిగించింది 2018లోనే వచ్చిన ఇంకో పరిశోధన. సుబ్బారావు మందుతోనే దాని ముడి. అమెరికాలో వైట్‌హెడ్ సంస్థలో నామా కనారెక్ తదితరులు, రక్త కేన్సర్ ఉన్న ఎలుకలకు మెథోట్రెక్సేట్‌తోపాటు హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం కలిపి పెట్టారు. ఒంట్లో హిస్టిడిన్ అరగడానికి ఒకరకం ఫోలేట్, అంటే ఫోలిక్ ఆమ్లపు రూపం, ఖర్చవుతుంది. ఆ ఖర్చు పెంచితే కేన్సర్ కణం దగ్గర ఫోలేట్ నిల్వ తరిగి, తక్కువ మందుకే లొంగింది. ఇక్కడ అమైనో ఆమ్లం పెట్టడమే మేలు చేసింది. ఇదీ ఎలుకల్లోనే. మనుషుల్లో రుజువైతే తప్ప దీన్ని ఇంటి వైద్యంగా వాడకూడదు.

అర్జినిన్ సంగతి చూడండి. టీ కణాలకు అర్జినిన్ బాగా అందితే అవి ఎక్కువ కాలం బతికి, కణితి మీద గట్టిగా పోరాడతాయని స్విట్జర్లాండ్‌లోని బెల్లింజోనా శాస్త్రవేత్తలు 2016లో ఎలుకల్లో చూపించారు. అంటే పెట్టాలి. మరోవైపు ఊపిరితిత్తుల పొర మీద వచ్చే మీసోథీలియోమా కేన్సర్‌కు, రక్తంలోంచి అర్జినిన్‌ను తీసేసే మందును కీమోతో కలిపి ఇస్తే సగటు బతుకు 7.7 నెలల నుంచి 9.3 నెలలైంది. అంటే తీసేయాలి. ఒకే అమైనో ఆమ్లం, రెండు తీర్పులు, రెండూ నిజమే. ఏ కేన్సర్, ఏ దశ, పక్కన ఏ మందు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఈ మాట డబ్బా మీద ఎవరూ రాయరు.

గ్లుటమిన్ ఇంకా తిక్క. పేగుకు, టీ కణానికి, కణితికి ముగ్గురికీ అదంటే ప్రాణం. తల, మెడ కేన్సర్‌కు కరెంటు, కీమో కలిపి ఇచ్చేటప్పుడు నోరు పొక్కిపోకుండా నోటితో గ్లుటమిన్ ఇవ్వొచ్చని అంతర్జాతీయ నిపుణుల సూచన ఉంది. అదే గ్లుటమిన్‌ను పలు అవయవాలు దెబ్బతిని ఐసీయూలో ఉన్నవాళ్లకు పెద్ద మోతాదులో ఇచ్చిన పరీక్షలో మరణాలు పెరిగాయని 2013లో తేలింది. కాబట్టి మీ డాక్టరు గ్లుటమిన్ పొట్లం రాస్తే భయపడొద్దు. పక్కింటాయన మిగిలిన పొట్లాలు ఇస్తే మాత్రం తీసుకోవద్దు.

జొన్నరొట్టె చెప్పిన సంగతి

విడి అమైనో ఆమ్లం అమాయకం కాదని మన నేల మీదే ఎప్పుడో తెలిసింది. హైదరాబాదు చుట్టుపక్కల జొన్న తినే పేదల్లో పెల్లాగ్రా కనిపించేది. ఎండ తగిలిన చర్మం కమిలి, కడుపు చెడి, మతి చలించే జబ్బు. నయాసిన్ అనే విటమిన్ లోటు వల్ల వస్తుంది. ఒళ్లు ట్రిప్టోఫాన్ నుంచి కొంత నయాసిన్ చేసుకోగలదు. జొన్నలో ట్రిప్టోఫాన్ మరీ తక్కువేమీ కాదు. మరి జబ్బెందుకు? జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మోతాదు మించి ఉండటం వల్ల ఆ మార్పిడి దెబ్బతింటోందని పోషకాహార సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో వాదించారు. ఆ తర్వాత దాని మీద చర్చలు చాలా జరిగాయి. నేను పట్టుకున్నది ఒక్కటే. ఒకటి పెరిగితే ఇంకొకదాని లెక్క మారుతుంది. ఇవాళ జిమ్ముల ముందు అమ్మే డబ్బాల మీద పెద్దక్షరాల్లో కనిపించే పేరు కూడా లూసినే.

అదే పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడొద్దని చెప్పింది. అది ఆరోగ్యవంతులకు చెప్పిన మాట. మింగలేని, నమల్లేని, ముక్కు గొట్టంతో తిండి తీసుకునే కేన్సర్ రోగికి వైద్యులు కొలిచి రాసే పోషకద్రవం వేరు. దాన్ని నేను తప్పుపట్టను, చాలామందిని నిలబెట్టింది. నా కోపమంతా పళ్లెంలో గుడ్డు తీసేసి ఆ స్థానంలో డబ్బా పెట్టడం మీదే.

పెద్దమ్మ లెక్క

కడుపు మాడ్చితే కణితి మాడుతుందనే మాట ఈ మధ్య ఊళ్లలో బాగా తిరుగుతోంది. మాడదు. బయట ముద్ద దొరకకపోతే కణితి ఇంటి దూలాలు పీక్కుని పొయ్యిలో పెడుతుంది. ఆ దూలాలు మన కండలు. కండలోని ప్రొటీన్‌ను కరిగించి అమైనో ఆమ్లాలుగా రక్తంలోకి తెచ్చుకునే ఏర్పాటు జబ్బే చేస్తుంది. కేన్సర్ మనిషి చేతులు పుల్లల్లా అవడం మనం చూసేది అదే. అలా చిక్కిపోయిన ఒళ్లు కీమో తట్టుకోలేదు, కరెంటు మధ్యలో ఆగిపోతుంది, గాయం మానదు, చిన్న జ్వరానికే మనిషి పడిపోతుంది. టీ కణాలకూ అదే రక్తంలోంచి ముద్ద రావాలి కదా. కణితి మీద పగతో మన సైన్యానికి పస్తు పెట్టుకోవడం ఏం న్యాయం?

అందుకే యూరప్ పోషణ నిపుణుల సంఘం కేన్సర్ రోగులకు కిలో బరువుకు రోజుకు ఒక గ్రాముకు మించి, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రొటీన్ పెట్టమంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ల లెక్క డాక్టరే వేయాలి.

పెద్దమ్మ అప్పుడు 38 కిలోలు. అంటే రోజుకు 38 నుంచి 57 గ్రాములు. నేనూ వదినా వంటింట్లో కూర్చుని లెక్కేశాం. రెండు గుడ్లు, 12 గ్రాములు. గుప్పెడు కందిపప్పు మెత్తగా ఉడికించి వడగట్టినది, ఏడు. రెండు గ్లాసుల పాలో పెరుగో, పదమూడు దాకా. రోజు మొత్తం మీద తినే మెత్తటి అన్నం, చోడి అంబలి కలిపి మరో పది, పన్నెండు. ముళ్లు తీసిన చిన్న చేప ముక్క ఉంటే ఇంకో పది. యాభై దాటింది. డబ్బా మీద రాసిన లెక్క చూస్తే, ఒక మోతాదు పొడిలో ఉన్నది గుడ్డులో ఉన్నదానికంటే కాస్త ఎక్కువ. అంతే. ఇరవై అమైనో ఆమ్లాలూ తగిన పాళ్లలో గుడ్డులో ఉన్నాయి, ధర ఏడెనిమిది రూపాయలు.

“మరి సీము?” అంది వదిన.

చీము పట్టేది గుడ్డు వల్ల కాదు, పుండులో సూక్ష్మజీవులు చేరడం వల్ల. వాటితో పోరాడే కణాలకు కావాల్సిన సరుకు గుడ్డులోనే ఉంది. నా మాట మీద వదినకు పూర్తిగా నమ్మకం కలగలేదు. తప్పులేదు, నేను డాక్టర్ని కాను. తర్వాతిసారి చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు అడగమని ఓ కాగితం మీద తెలుగులో రాసిచ్చాను. గుడ్డు, చేప, పప్పు పెట్టొచ్చా? ఈ డబ్బా అవసరమా? ఇస్తున్న మందులతో రక్తం పట్టే బిళ్లలు వేసుకోవచ్చా? బరువు ఎంత తగ్గితే వెంటనే రావాలి? డబ్బా ఫొటో తీసుకెళ్లమన్నాను, వెనక ఉన్న పట్టీ కనబడేలా.

వాళ్లు తెల్లవారుజామున కొత్తవలస మీదుగా వెళ్లే బస్సెక్కారు. ఆసుపత్రిలో ఈసారి ఆహారం చూసే అమ్మాయి ఒకామె ఉందట. కాగితం చదివి, వదినను పక్కన కూర్చోబెట్టుకుని, పావుగంట తెలుగులో మాట్లాడిందట. డబ్బా ఇక అక్కర్లేదంది. గుడ్డు పెట్టమంది. కారం లేకుండా, మెత్తగా, నాలుగు గంటలకోసారి కొంచెం కొంచెంగా పెట్టమంది. వారానికోసారి ఒకే తూకం మీద బరువు చూడమంది.

మొన్న ఆదివారం వెళ్లాను. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చోడి అంబలిలో గుడ్డు చిదిపి కలుపుకుంటోంది. అంగిలి ఇంకా లాగుతుందట, ఒక్కో గుటకకీ కళ్లు మూస్తోంది.

“ఎంతున్నావు పెద్దమ్మా?”

“ముప్పై తొమ్మిదిన్నర అన్నాది మీ వదిన,” అంది. గిన్నె కింద పెట్టి అలమర వైపు చూసింది. “ఆ రేకు డబ్బా పారెయ్ బాబూ. వాసనొత్తంది. కూకుంటే మనసు అటే లాగతంది.”

డబ్బా తీసుకుని బయటికొచ్చాను. అడుగున ఇంకా పొగాకు పొడి ఉంది. వదిన పొడి డబ్బాలో ఉప్పు పోసుకుంది.